కిటికీ పక్క స్టాండు

కొలిచే పరికరాలు సరిచూసే మా క్యాలిబ్రేషన్ సెక్షన్‌లో కొత్తగా చేరిన పిల్లలకి మొదటి రోజే ఒక మాట చెప్పేదాన్ని. మీటరుని నమ్మకండి. మీటరు తప్పు చూపిస్తోందంటూ వచ్చేవాణ్ణి అంతకంటే నమ్మకండి. ఎందుకంటే అతని మనసులో ఒక అంకె ముందే ఉంటుంది. అది కనపడే దాకా అతనికి మీటరు చెడ్డదే. వాళ్ళు నవ్వి ఊరుకునేవారు. ఫర్నేస్‌ల దగ్గరో, తూకం కాటాల దగ్గరో నేర్చుకున్న మాట అనుకునేవారు. నిజానికి నాకిది సైకిల్ తొక్కే ఆడపిల్లల దగ్గర వంటబట్టింది. ఇప్పుడు ఇంట్లోనే సైకిల్ నిలబెట్టి, ఎదురుగా తెర పెట్టుకుని, ఎన్ని వాట్లు తొక్కామో చూసుకుని మురిసిపోయేవాళ్ళు మీలో చాలామంది ఉన్నారు. మీకు ఇది పనికొస్తుంది.

ఝార్ఖండ్ కొత్తగా రాష్ట్రమైన రోజులు. అన్ని ఆటలకీ కొత్త జట్లు కావాలి. జంషెడ్‌పూర్‌లో మా కర్మాగారానికి ఒక క్రీడా విభాగం, అందులో ఒక సైక్లింగ్ సెంటరు ఉండేవి. వానాకాలంలో రోడ్డు మీద తొక్కడం కుదరదని హాల్లో నాలుగు ట్రైనర్ స్టాండ్లు వేశారు. సైకిల్ వెనక చక్రాన్ని స్టాండులో బిగిస్తే టైరు ఒక రోలరుకి ఆనుకుంటుంది. రోలరుతో పాటు ఒక అల్యూమినియం పళ్ళెం రెండు అయస్కాంతాల మధ్య తిరుగుతూ తొక్కేవాళ్ళ కాళ్ళకి బరువు తగిలిస్తుంది. పక్కనున్న చిన్న డిస్‌ప్లే రోలరు వేగాన్ని చూసి ఇన్ని వాట్లు అని లెక్క చెబుతుంది. అది వేగాన్నే చూస్తుంది, బరువుని చూడదు. ఈ ముక్క ఒక్కటి గుర్తుంచుకోండి.

ఒక రోజు మా మేనేజరు పిలిచి, "సైక్లింగ్ సెంటర్‌లో అంకెలు కలవడం లేదట. వెళ్ళి చూడండి," అన్నాడు. నేను లేవబోతుంటే మళ్ళీ అన్నాడు. "జాగ్రత్త. ఆ గొడవలో ఉన్న పిల్ల మీ తెలుగమ్మాయి. మెషీన్‌ది తప్పంటే మీ వాళ్ళని వెనకేసుకొచ్చారంటారు. పిల్లది తప్పంటే మీ వాళ్ళే మిమ్మల్ని తిడతారు."

మరి మీరే వెళ్ళొచ్చుగా అనాలనిపించింది.

గొడవ ఏమిటంటే, జాతీయ శిబిరానికి మా సెంటరు నుంచి ఒక్క అమ్మాయిని పంపాలి. గోల్‌మురి పేటలో ఉండే ఒక తెలుగు కార్మికుడి కూతురు, ఒక్కొక్కరినీ విడిగా పంపి టైము చూసే రోడ్డు పరీక్షలో మిగతా ముగ్గురినీ చాలా వెనక వదిలేసింది. హాల్లో స్టాండు మీద పరీక్ష పెడితే మాత్రం మూడో స్థానంలోకి పడిపోయింది. రోడ్డు మీద అంత బలం ఉన్న కాళ్ళకి హాల్లో ఏమైంది? ఎంపిక కమిటీకి జవాబు వెంటనే దొరికింది. ఆ పిల్ల తండ్రి రోజూ స్కూటర్ మీద కూతురి వెంట వెళ్ళేవాడు, పరీక్ష రోజు కూడా వెళ్ళాడు. సైకిల్ వాళ్ళకి గాలే పెద్ద అడ్డం. ముందు ఒక బండి వెళుతూ గాలిని చీలిస్తే వెనకవాళ్ళ శ్రమ సగానికి సగం తగ్గుతుంది. ఊరవతల నది దాటాక ఎవరూ చూడని చోట తండ్రి స్కూటర్‌ని ముందుకి తెచ్చి ఉంటాడు, పిల్ల ఆ చాటున తొక్కి ఉంటుంది. ఇదీ వాళ్ళ అనుమానం. దాన్ని మొదట పైకి అన్నది స్వయంగా ఆ పిల్ల కోచ్. సైన్యంలో సైకిల్ పందేలు తొక్కి వచ్చిన మనిషి. మాట తక్కువ. మాట తక్కువ మనిషి అన్న మాటకి విలువ ఎక్కువ.

తేలితే శిబిరానికి వెళ్ళలేకపోవడం ఒక్కటే కాదు. మోసం చేసిందని పేరు తీసేస్తారు. ఇంక ఏ జట్టులోకీ రానివ్వరు.

ఆ ఆదివారం పొద్దున్నే కద్మాలో మా క్వార్టర్ ముందు స్కూటర్ ఆగింది. తండ్రి ఒక్కడే లోపలికి వచ్చాడు. పిల్ల స్కూటర్ దగ్గరే తల తిప్పుకుని నిలబడింది. ఆయన చేతిలో బరువుగా ఒక గుడ్డ సంచి ఉంది. దాన్ని కుర్చీ పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. నాకు ఆ సంచి నచ్చలేదు.

"అమ్మా, మీది పార్వతీపురం సైడట గదా. మాది పలాస ఇవతల. మనోళ్ళే," అన్నాడు.

"దానికీ దీనికీ ఏటి సంబంధమండీ?" అన్నాను. ఇంటి మాట దానంతటదే నోట్లోంచి వచ్చేసింది. వెంటనే మొహం గట్టిగా పెట్టుకున్నాను.

"నేదమ్మా, ఏటీ అడగడానికి రానేదు. నాను స్కూటర్ మీద ఎనకే వత్తన్నాను. ఏనాడూ ముందుకెళ్ళనేదు. లారీలు తిరిగే రోడ్డు. ఎనకాల ఒక మనిషుంటే లారీవోడు కూసింత సూసుకుంటాడు. అదొక్కటీ మీకు సెప్పీసి పోదామని."

"మీరు వెనకే ఉన్నట్టు ఎవరైనా చూశారా?"

"ఎవులు సూత్తారమ్మా? నాను సూత్తన్నాను, దేవుడు సూత్తన్నాడు. కమిటీలో మా ఇద్దరి మాటా సెల్లదు గదా."

డ్యూటీకి టైమైంది, పదమని బయటనుంచి పిల్ల హిందీలో కేకేసింది. "పాపా, చలియే న. షిఫ్ట్ కా టైమ్ హో గయా." ఆయన లేచి సంచి అందుకున్నాడు. లోపల క్యారేజీ గిన్నెలు చప్పుడయ్యాయి. డ్యూటీకి పట్టుకెళ్ళే అన్నం. అంతసేపూ ఆ సంచి వంకే చూస్తూ కూర్చున్నందుకు తర్వాత నవ్వొచ్చింది. కానీ చూడటం తప్పని ఇప్పటికీ అనుకోను.

మర్నాడు మా సెక్షన్ టెక్నీషియన్‌ని వెంటబెట్టుకుని సెంటరుకి వెళ్ళాను. ఆయన బెంగాలీ, వయసులో నాకంటే పెద్ద. అందరం దాదా అనేవాళ్ళం. క్యాంటీన్ టీలో నీళ్ళు కలిపారేమోనని రోజూ రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టి రంగు చూసే మనిషి. అనుమానించడంలో నాకు గురువు.

నాలుగు టైర్లలో గాలి సమానంగా కొట్టాం. రోలరు టైరుకి ఎంత ఆనాలో అంతే ఆనించాం. ఒక్కో స్టాండు మీద ఒక్కో పిల్లని కూర్చోబెట్టి ఊరికే చూస్తూ గడిపాం. ఒక సంగతి తేలింది. తొక్కుతూ ఉంటే ఆ అల్యూమినియం పళ్ళెం వేడెక్కుతుంది. వేడెక్కినకొద్దీ అయస్కాంతం పట్టు సడలుతుంది. అప్పుడు అదే కాలుకి చక్రం ఇంకా జోరుగా తిరుగుతుంది, డిస్‌ప్లే ఇంకా పెద్ద అంకె చూపిస్తుంది. పరీక్ష రోజు మిగతావాళ్ళు చాలాసేపు స్టాండు మీదే ఒళ్ళు వేడి చేసుకుని తొక్కారు. తెలుగు పిల్ల కాలేజీకి వెళ్ళాలని వచ్చీ రాగానే చల్లటి స్టాండు మీద మొదటగా తొక్కేసింది.

నాకు సంతోషమైంది. అన్ని స్టాండ్లూ సమానంగా వేడెక్కాకే పరీక్ష పెట్టాలని చెప్పి మళ్ళీ పెట్టించాను. ఆ పిల్ల అంకె పెరిగింది. కానీ కొంచెమే. మూడో స్థానం నుంచి కదల్లేదు.

అప్పుడు చూశాను కమిటీ సెక్రటరీ మొహం. వెలిగిపోయింది. "మేడమ్ వచ్చి మెషీన్‌కున్న సాకు కూడా తీసేశారు. ఇంక మిగిలింది స్కూటరే," అన్నాడు. సాయం చేద్దామని వెళ్ళి ఆ పిల్ల మెడకి ఇంకో ముడి వేసి వచ్చాను.

వేరే స్టాండు మీద తొక్కించి చూడొచ్చు కదా అని మీరు అడుగుతారు. తొక్కించాం. ఆ పిల్ల ఎప్పుడూ వాడేది కిటికీ పక్క స్టాండు. సైకిల్ అక్కణ్ణించి విప్పి పక్క స్టాండులో బిగించాం. అంకె ఒక్కసారిగా పైకి లేచింది. ఇంక అయిపోయింది అనుకున్నాను. కోచ్ చేతులు కట్టుకుని డిస్‌ప్లే వంక చూస్తూ, "అంటే తొక్కగలదు. మరి ఇన్నాళ్ళూ ఎందుకు తొక్కలేదు?" అన్నాడు. గొడవ పెద్దదయ్యాక ఒళ్ళు దగ్గర పెట్టుకుని తొక్కిందని సెక్రటరీ తేల్చేశాడు.

పోనీ అని మొదటి స్థానంలో ఉన్న అమ్మాయిని కిటికీ పక్క స్టాండు మీద కూర్చోబెట్టాం. ఆమె అంకె పడిపోయింది. దానికీ జవాబు సిద్ధంగానే ఉంది. ఇద్దరూ స్నేహితులు, స్నేహితురాలి కోసం కావాలనే మెల్లగా తొక్కింది. ఆ అమ్మాయి చెమట తుడుచుకుంటూ, "సర్, నా కాళ్ళు వణుకుతున్నాయి, చూడండి," అంది. ఎవరూ చూడలేదు.

బయటికి వచ్చాక దాదాతో అన్నాను. "మనిషి కాలు ఉన్నంతసేపూ ఈ గొడవ తెగదు. కాలు తీసేద్దాం."

ఆయనకి వెంటనే అర్థమైంది. సైకిల్ని కూడా తీసేసి, మా సెక్షన్‌లోని చిన్న మోటారుని బెల్టుతో రోలరుకి తగిలించి తిప్పితే సరి. మోటారు ఎంత కరెంటు తాగుతోందో వాట్‌మీటరు చూపిస్తుంది. మోటారుకి స్నేహితురాళ్ళు ఉండరు. శిబిరానికి వెళ్ళాలనే ఆశ ఉండదు.

ఆ రోజు హాల్లో కమిటీ వాళ్ళు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. నలుగురు అమ్మాయిలూ గోడ వారగా నిలబడ్డారు. తండ్రిని లోపలికి రావద్దన్నారు కానీ ఆయన గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. కోచ్ ఎప్పటిలాగే చేతులు కట్టుకుని ఉన్నాడు. ఏ స్టాండు తర్వాత ఏది పరీక్షించాలో నేను చెబితే ఒప్పుకోనని, తానే చెబుతానని సెక్రటరీ అన్నాడు. మంచిదే అన్నాను. నేనైనా అలాగే అనేదాన్ని.

ఒక్కో స్టాండుని చాలాసేపు తిప్పి వేడి చేశాం. డిస్‌ప్లే మీద ఒక అంకె అనుకుని, అది చూపించే దాకా మోటారు జోరు పెంచి, వాట్‌మీటరు ముల్లు ఎక్కడ ఆగిందో దాదా అద్దం మీద గ్రీజు పెన్సిల్‌తో గీత పెట్టాడు. రెండో స్టాండుకీ ముల్లు ఆ గీత మీదే ఆగింది. మూడోదానికీ అంతే.

కిటికీ పక్క స్టాండుకి బెల్టు తగిలించాం. డిస్‌ప్లే మీద అదే అంకె వచ్చేసరికి మోటారు చప్పుడు మారిపోయింది. బరువెత్తినవాడు మూలిగినట్టు మూలిగింది. ముల్లు గీత దాటింది. దాటి, ఇంకా పక్కకి వెళ్ళి, అక్కడ నిలబడింది.

ఆ స్టాండు మీద మిగతావాటికంటే ఎంతో ఎక్కువ తొక్కితే గాని అదే అంకె రాదన్నమాట. సెక్రటరీ లేచి, "మీ వైర్లు ఏమైనా…" అన్నాడు. మోటారుని మళ్ళీ మొదటి స్టాండుకి తగిలించాం. ముల్లు గీత మీదికి వచ్చి కూర్చుంది. ఆయనా కూర్చున్నాడు.

కిటికీ పక్క స్టాండు మూత విప్పాను. అయస్కాంతానికీ పళ్ళానికీ మధ్య ఎడం నిర్ణయించే స్క్రూ ఒకటి ఉంటుంది. ఎవరూ కదపకుండా తయారీదారు దాని తల మీద ఎర్ర రంగు పూసి ఉంచుతాడు. ఇక్కడా ఎర్రగానే ఉంది. కానీ గోటితో గీకితే పెళుసుగా రాలాల్సింది, పొరలా ఊడి వచ్చింది. మిగతా మూడింటి రంగు మట్టి ఎరుపు. ఇది నిగనిగలాడుతోంది.

"నెయిల్ పాలిష్," అన్నాను.

ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది. హాల్లో అందరి కళ్ళూ ఒకే చోటికి వెళ్ళాయి. మొదటి స్థానంలో ఉన్న అమ్మాయి గోళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేనూ చూశాను. దాదా అయితే నా చెవి దగ్గర, "నేను ముందే అనుకున్నాను," అని గొణిగాడు. ఆ అమ్మాయి చేతులు వెనక్కి దాచుకుంది. తెలుగు పిల్ల మెల్లగా స్నేహితురాలి పక్కనుంచి ఒక అడుగు దూరం జరిగింది. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే బాధగా గుర్తున్నది ఆ అడుగు.

"ఆ పిల్ల చేతుల వంక చూడకండి."

అన్నది కోచ్. కట్టుకున్న చేతులు విప్పాడు. "సీసా మా ఇంటిది, నా భార్యది. స్క్రూ తెరిచింది నేను."

తర్వాత ఆయన చెప్పింది చాలా కొద్ది మాటల్లో. కిందటి చలికాలంలో ఆ పిల్లని కొండ దారుల పందేలకి తయారు చేద్దామనుకున్నాడు. హాల్లో కొండ ఎక్కణ్ణించి తేవడం? స్క్రూ బిగించి అయస్కాంతాన్ని దగ్గరికి జరిపాడు. చెబితే పిల్ల భయపడుతుందని, అంకె చూసి నీరుగారిపోతుందని చెప్పలేదు. పరీక్షలకి ముందు ఎంత బిగించాడో అంతా వెనక్కి తిప్పేశాడు. ఎవరికీ తెలియకూడదని రంగు పూశాడు.

అది నిజమే. స్క్రూ వెనక్కి వచ్చే ఉంది. కానీ అయస్కాంతాన్ని పట్టుకున్న బ్రాకెట్ దుమ్మూ గ్రీజూ గట్టిపడి బిగుసుకుపోయింది. స్క్రూ వచ్చింది, అది రాలేదు. నేను స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తడితే టక్కుమని వెనక్కి జరిగింది. ఆ చప్పుడు హాలంతా వినపడింది.

"ఇదంతా మీకు తెలిసి కూడా స్కూటర్ మాట ఎలా అన్నారు?" అని సెక్రటరీ అడిగాడు. ఆయన గొంతులో ఇప్పుడు కోచ్ మీద అనుమానం మొదలైంది. ఎవరో ఒకరి మీద ఉండాలి కదా.

"నేను సరిచేశాననే అనుకున్నాను," అన్నాడు కోచ్. "నా చెయ్యి తప్పు చేసి ఉంటుందని నాకు తట్టలేదు. పిల్ల తప్పు చేసి ఉంటుందని వెంటనే తట్టింది."

గుమ్మంలోంచి తండ్రి లోపలికి వచ్చాడు. ఎవరూ ఆపలేదు. కోచ్ ముందు దాకా వెళ్ళి నిలబడ్డాడు. కొడతాడేమో అనుకున్నాను. ఆయన నా వైపు తిరిగి, "అమ్మా, మరి నాను ఎనకే ఉన్నానని రాత్తారా?" అని అడిగాడు. స్టాండు సంగతి రాయగలను గాని రోడ్డు సంగతి నాకు తెలియదండీ అన్నాను. ఆయన తలూపాడు.

బాగుచేసిన స్టాండు మీద మళ్ళీ పరీక్ష పెడితే ఆ పిల్ల అందరికంటే పైన ఉంది. రోడ్డు మీద కూడా, తండ్రి లేకుండా కమిటీ జీపు వెనక రాగా, మళ్ళీ తొక్కించారు. అక్కడా ఆమే. శిబిరానికి పేరు వెళ్ళింది. స్కూటర్ అనుమానం మాత్రం పూర్తిగా పోలేదు. ఆ తర్వాత కూడా క్రీడా విభాగంలో, "స్కూటర్ ఉన్నప్పటి సంగతి వేరు," అని కళ్ళు చికిలించి నవ్వేవాళ్ళని చూశాను. మెషీన్‌కి అంటిన మురికి తుడవొచ్చు.

తండ్రి కోచ్‌ని మార్చమని దరఖాస్తు పెట్టాడని విన్నాను. కోచ్ కూడా తనంతట తాను తప్పుకుంటానన్నాడట. రెండూ తేలకముందే ఒక సాయంత్రం ఆ స్క్రూలన్నిటికీ మా సెక్షన్ సీలు వెయ్యడానికి వెళ్ళాను. హాల్లో ఇద్దరే ఉన్నారు. కోచ్ తలుపు దగ్గర బెంచీ మీద కూర్చున్నాడు. పిల్ల కిటికీ పక్క స్టాండు మీదే తొక్కుతోంది. స్నేహితురాలు లేదు. ఆమె ఆ రోజు తర్వాత గోళ్ళకి రంగు వేసుకోవడం మానేసిందని, సెంటరుకి రావడం కూడా తగ్గించిందని తర్వాత తెలిసింది.

నేను మూత విప్పబోతుంటే పిల్ల తొక్కడం ఆపింది. నాతో ఎప్పుడూ హిందీలోనే మాట్లాడేది. ఆ రోజు తెలుగులో అడిగింది.

"మేడమ్, ఆ స్క్రూ మళ్ళీ బిగిత్తారా?"

"ఎందుకమ్మా?"

"శిబిరంలో కొండలుంటాయంట. చలికాలం అంతా బిగించిందాని మీదే తొక్కాను గదా, రోడ్డెక్కితే కాళ్ళు తేలిపోయేవి. నాకది గావాల." బెంచీ వైపు చూడకుండా అంది. "ఎంత బిగించాలో సార్‌కి తెలుసు. ఈసారి మాత్రం నాకు సెప్పి బిగించండి."

కోచ్‌కి తెలుగు రాదు. కానీ స్క్రూ అన్న మాట, సార్ అన్న మాట అందినట్టున్నాయి. లేచి మెల్లగా వచ్చి స్టాండుకి అవతల వైపు నిలబడ్డాడు. నేను ఆ పిల్ల అడిగింది హిందీలో చెప్పాను. స్క్రూడ్రైవర్ కోసం ఆయన చెయ్యి చాచలేదు. కొంచెంసేపు ఆ స్క్రూ వంకే చూశాడు.

"ఆధా చక్కర్," అన్నాడు. నాతో కాదు, ఆమెతో.

ఆమె తలూపింది. నేను సగం చుట్టు తిప్పాను. ముగ్గురం ఆ పళ్ళెం మీదికి వంగి, అయస్కాంతం కదలడం కళ్ళారా చూశాం.